దశాంశం దగ్గర ఆగిన అంకె

ఖాలా ముంజేతి మీద నీలం మచ్చను మొదట చూసింది నేనే. చూసి ఏం చేశాను? మంచం కోడు తగిలి ఉంటుందిలెండి అని కారణం కూడా నేనే చెప్పి, ఆమె ఇచ్చిన టీ తాగి, మెట్లెక్కి పైకి పోయాను. ఇన్నేళ్ళయినా ఆ టీ గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా ఇంటి ఓనరుని మేమలా పిలిచేవాళ్ళం. సైదాబాద్‌లో కింద ఆమె ఒక్కతే, పై వాటాలో మేం. నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఖాలా ఉర్దూ మీడియం సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పాలమూరు వైపు పుట్టింది కాబట్టి తెలుగు గలగలా మాట్లాడేది. గుండెలో ఒక కవాటం పాడైపోతే ఆపరేషన్ చేసి లోహపుది పెట్టారు. ఫ్యాను ఆపేసిన గదిలో ఆమె పక్కన కూర్చుంటే టిక్, టిక్ అని చిన్న చప్పుడు వినపడేది. మా అమ్మకి ఆ చప్పుడంటే భయం. ఖాలా మాత్రం, గడియారం కొనే ఖర్చు తప్పిందని నవ్వేది.

ఆ కవాటం పెట్టినవాళ్ళు బతికినన్నాళ్ళూ రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. మాత్ర తక్కువైతే కవాటం దగ్గర రక్తం గడ్డ కడుతుంది. ఎక్కువైతే ఎక్కడో ఒకచోట కారడం మొదలవుతుంది, అది ముక్కులోనైనా కావచ్చు, తలలోనైనా కావచ్చు. అందుకని రెండు వారాలకోసారి పరీక్ష. రక్తం ఎంత పలచగా ఉందో ఒక అంకెలో వస్తుంది. రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. రెండున్నర దాటకపోతే అర మాత్ర పెంచాలి, మూడున్నర దాటితే అర మాత్ర తగ్గించాలి. ఇంతే లెక్క. నేను ఇంకేం మర్చిపోయినా దీన్ని మర్చిపోలేను.

చార్మినార్ వెనక సందులో ఎవరో పుణ్యాత్ములు నడిపే చిన్న క్లినిక్కులో ఖాలా పరీక్షకి వెళ్ళేది. వారానికి మూడు పొద్దులు ఒక డాక్టరు వచ్చి ఊరికే చూసేవాడు. మా కోస్తా వైపు మనిషే, వయసులో చిన్నవాడు, మంచివాడు. ఒక్క పొద్దున అరవై మందిని చూసి తల పట్టుకునేవాడు. ఖాలాకి తోడుగా వెళ్ళినప్పుడు, నేను కంప్యూటర్ పని చేస్తానని ఆమె గొప్పగా చెప్పింది. ఆ అంకె చూసి మాత్ర లెక్క చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసి పెట్టగలవా అమ్మా అని అతను అడిగాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేను సంతోష్‌నగర్‌లో మూడు కంప్యూటర్లున్న ఒక చిన్న ఆఫీసులో సీ భాషలో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఇరవై అయిదేళ్ళ వయసు, సీ నా వేళ్ళ చివర ఉందని నమ్మకం. ఓస్ ఇంతేనా అన్నాను.

నెల రోజులు అది చక్కగా నడిచింది. డాక్టరు మొదట్లో ప్రతి చీటీనీ తన లెక్కతో సరిచూసుకునేవాడు. ఒక్కటీ తప్పు పోలేదు. తర్వాత సరిచూడటం మానేసి కింద సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. అతన్ని నేనేం అనను.

చీటీ ఇంగ్లీషులో వచ్చేది. ఖాలాకి అది నచ్చలేదు. బడిలో ముప్పయ్యేళ్ళు వేలమందికి చదువు చెప్పిన దాన్ని, నా మందు చీటీ నేను చదువుకోలేక పక్కింటివాళ్ళ దగ్గరికి పట్టుకుపోవాలా అంది. క్లినిక్కులో బెంచీ మీద ఆమె పక్కన ఎప్పుడూ కూర్చునే ఒకావిడ ఉండేది, ఆమెకీ అదే కవాటం. లాడ్ బజారు పక్క గల్లీలో ఇంట్లోనే కుంపటి పెట్టుకుని లక్క గాజులు చేసేది. చదువు రాదు. కూతురికి మాత్రం ఉర్దూ వచ్చు. ఆవిడా ఖాలాకి వంత పాడింది. ఇద్దరూ కలిసి నన్ను వాయించేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ సరదా పుట్టింది. ఇంగ్లీషు అక్షరం కంప్యూటరులో ఒక గదిలో ఇమిడిపోతుంది. ఉర్దూ, తెలుగు లాంటి లిపుల అక్షరాలకి అంతకంటే పెద్ద గది కావాలి, వాటిని వైడ్ క్యారెక్టర్లంటారు. అప్పట్లో మా ఆఫీసులో అవి ముట్టుకున్నవాళ్ళు లేరు. ఎవరికీ రానిది నాకు రావాలనే యావ నాకు మొదటినుంచీ ఎక్కువే.

ఖాలా క్యాలెండరు కాగితం వెనక నాకు సున్నా నుంచి తొమ్మిది దాకా ఉర్దూ అంకెలు రాసిచ్చింది. నేను అడిగింది పది అంకెలు, ఆమె రాసింది పది అంకెలు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. తెర మీద కనిపించే "2.9" కంప్యూటరుకి అంకె కాదు, మూడు బొమ్మల వరస. దానితో లెక్క చేయాలంటే ముందు దాన్ని నిజం అంకెగా మార్చాలి. వైడ్ క్యారెక్టర్లకి ఆ పని చేసే సాధనం సీ భాషలో తయారుగా ఉంది. ఎడమ నుంచి ఒక్కో బొమ్మా చదువుకుంటూ పోతుంది. తనకి తెలియని బొమ్మ తగిలిన చోట ఆగిపోయి, అంతవరకు చదివింది చేతిలో పెడుతుంది. ఎక్కడ ఆగానో కూడా చెబుతుంది, చెప్పించుకునేందుకు మనం ఒక చోటు ఇస్తే. ఆ చోట NULL అని రాస్తే నాకక్కర్లేదు, నోరు మూసుకో అని అర్థం. నేను NULL రాశాను. అందరూ అలాగే రాసేవాళ్ళు, పుస్తకాల్లో కూడా చాలాచోట్ల అలాగే ఉండేది. ఉర్దూ అంకెలు పదింటినీ ఇంగ్లీషు అంకెలుగా మార్చే చిన్న పట్టిక నేను తయారుచేసి, ఆ వరసని దాని చేతికిచ్చాను. నా కీబోర్డు మీద చుక్క పెట్టి పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ సరిగ్గా వచ్చింది.

మొదటి ఉర్దూ చీటీ చేతికొచ్చిన రోజు ఖాలా దాన్ని బెంచీ మీద అందరికీ చదివి వినిపించింది. లక్క గాజులావిడ నా చెయ్యి పట్టుకుని, వద్దంటున్నా నాలుగు గాజులు తొడిగింది. మస్తు ఖుషీగా ఇంటికొచ్చాం. ఇంకో తొమ్మిది మంది మాకూ ఉర్దూలోనే కావాలన్నారు.

నీలం మచ్చ ఆ తర్వాత నెల్లాళ్ళకి కనపడింది. ఇంకో వారానికి మోకాలి మీద మరొకటి, అరచేయంత. పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వస్తోందని ఖాలా మా అమ్మతో అంది. బ్రష్షు మార్చమని అమ్మ సలహా ఇచ్చింది. మేమందరం తెలివైనవాళ్ళమే, ఒక్కొక్కరం ఒక్కో కారణం చెప్పి ఆమెని బుజ్జగించాం. మాత్ర ఒకటిన్నర నుంచి రెండయింది, రెండు నుంచి రెండున్నర అయింది. కంప్యూటరు చెప్పింది కదా అని ఖాలా నిశ్చింతగా వేసుకునేది. నేను రాసిన ప్రోగ్రామని ఆమెకి ఇంకా నమ్మకం.

ఇంతలో ఒక పొద్దున బెంచీ మీద లక్క గాజులావిడ లేదు. వారం కిందట తలనొప్పి అని పడుకుందట, వాంతి చేసుకుందట, ఆసుపత్రికి తీసుకెళ్ళే లోపలే మాట పడిపోయిందట, రెండో రోజున పోయింది. ఖాలాని పలకరింపుకి నేనే ఆటోలో తీసుకెళ్ళాను. ఆ ఇంట్లో కుంపటి ఆరి ఉంది. కూతురు గోడకి ఆనుకుని కూర్చుని ఎవరి వైపూ చూడటం లేదు. పాతికేళ్ళుంటాయి, పెళ్ళయి ఆ పక్క గల్లీలోనే ఉండేది. మాత్రలవీ సరిగ్గా వేసుకునేదా అని ఎవరో అడిగితే, ఆ అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. నాకు దుఃఖం వచ్చింది కానీ అనుమానం రాలేదు. అనుమానం రావడానికి కూడా కొంచెం వినయం ఉండాలి కాబోలు.

ఆ తర్వాతి బుధవారం పొద్దున ఖాలా ముక్కు నుంచి రక్తం కారడం మొదలైంది. తువ్వాలు తడిసిపోయింది, ఆగదు. అమ్మ ఆమె తల వంచి ముక్కు నొక్కి పట్టుకుంది. ఆటో కోసం వెళ్ళబోతూ బల్ల మీద కిందటిసారి చీటీ తీసుకున్నాను, డాక్టరుకి చూపించాలని. పది ఉర్దూ అంకెలు నాకిప్పుడు వచ్చు కదా. మూడు, తొమ్మిది. అంటే మూడు పాయింట్ తొమ్మిది. కింద రాసి ఉంది, రెండున్నర మాత్రలు, మార్పు లేదు.

మూడున్నర దాటితే తగ్గించాలి. మార్పు లేదని ఎలా వస్తుంది?

ఆ చీటీ మీద తప్పు కళ్ళెదుటే ఉంది, పైన అంకె, కింద మాత్ర, రెండూ ఒకే కాగితం మీద. కానీ దాన్ని పట్టుకోవాలంటే ఉర్దూ అంకె చదవడమూ రావాలి, మాత్ర లెక్కా తెలియాలి. డాక్టరుకి ఉర్దూ రాదు. చదవగలిగిన ఖాలాకి లెక్క తెలియదు. రెండూ తెలిసింది ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే, నేనేమో చీటీ బాగా అచ్చయిందా లేదా అని మాత్రమే చూసుకుని మురిసిపోయాను.

క్లినిక్కులో డాక్టరు వెంటనే ఖాలాకి విరుగుడు సూది వేశాడు. ఆమెని పడుకోబెట్టి నేను ల్యాబులోకి దూసుకెళ్ళాను. ల్యాబు చూసేది, పరీక్ష అంకె కంప్యూటర్లో కొట్టేది సర్కారు ఆసుపత్రిలో రిటైరైన ఒక పెద్దాయన, తెలుగువాడే. నిజాం రోజుల్లో చదువు మొదలుపెట్టినవాడు కాబట్టి లెక్కలన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాడు. కూడికలు ఉర్దూలోనే గొణుక్కునేవాడు. నేను వెళ్ళీ వెళ్ళగానే, ఏం కొడుతున్నారండీ మీరు కంప్యూటర్లో అని అరిచాను. తప్పు నాది కాకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానో ఆ అరుపులో తెలిసిపోయి ఉంటుంది. ఆయన కుర్చీ జరిపి, నా ఎదుటే కొట్టి చూపించాడు. మూడు కొట్టాడు. తర్వాత నేనెప్పుడూ నొక్కని మీట ఒకటి నొక్కాడు. తెర మీద చుక్క పడలేదు. కామాలాగా ఏటవాలుగా చిన్న గీత పడింది. తర్వాత తొమ్మిది కొట్టాడు.

"ఇదేంటి?" అన్నాను.

"ఆషారియా. మీరు పాయింట్ అంటరు గదా, గదే," అన్నాడు. "ఉర్దూల అంకె రాసినంక చుక్క ఎట్ల పెడ్తరమ్మా? ఉర్దూల చుక్కంటే సున్నా లెక్క కనవడ్తది. మా బళ్ళె గిట్లనే నేర్పిన్రు. నా జిందగీల చుక్క పెట్టలే."

ఆయన ఇంగ్లీషు చీటీలకి చుక్క పెట్టేవాడు, ఉర్దూ చీటీలకి తను చదువుకున్న పద్ధతిలో ఆ గీత పెట్టేవాడు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. నా ప్రోగ్రాం మూడు చదివింది, గీత దగ్గర ఆగింది, మూడు అని నా చేతిలో పెట్టింది. తొమ్మిది అక్కడే మిగిలిపోయింది. ఎక్కడ ఆగావని నేను అడగలేదు, అది చెప్పలేదు.

అక్కడే కూర్చుని ఒక్కో చీటీ తీశాను. తోక తెగితే అంకె ఎప్పుడూ చిన్నదే అవుతుంది, పెద్దది కాదు. రెండు పాయింట్ తొమ్మిది రెండయింది, అందుకని మాత్ర పెరిగింది. మూడు పాయింట్ తొమ్మిది మూడయింది, అందుకని తగ్గలేదు. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అయి ఉంటే ఏదో పొరపాటనుకోవచ్చు. ఇది అలా కాదు. ఉర్దూ చీటీ అడిగిన ప్రతి మనిషి రక్తాన్నీ నేను చీటీ చీటీకీ పలచన చేస్తూ పోయాను. వాళ్ళు మొత్తం పదకొండు మంది. ఇద్దరి మాత్రలు మూడుకి చేరి ఉన్నాయి.

రెండు రోజుల్లో అందరి ఇళ్ళకీ వెళ్ళాం. ల్యాబు పెద్దాయన తన స్కూటరు మీద నన్నెక్కించుకుని గల్లీ గల్లీ తిరిగాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. ప్రతి తలుపు కొట్టేటప్పుడూ లోపల ఎవరు బతికున్నారో అని చెవి పెట్టి వినేదాన్ని. పది మంది ఉన్నారు. ఒకాయన కంట్లో రక్తనాళం చిట్లి ఎర్రగా ఉంది. అందరినీ పిలిపించి మాత్రలు సరిచేశారు.

పదకొండోది లక్క గాజులావిడ. ఆమె మూడు చీటీలూ కంప్యూటరులో ఉన్నాయి. మొదటిది రెండు పాయింట్ ఏడు, మాత్ర పెరిగింది. రెండోది రెండు పాయింట్ తొమ్మిది, మళ్ళీ పెరిగింది. మూడోది మూడు పాయింట్ తొమ్మిది, మార్పు లేదు. ఆ తర్వాత చీటీ లేదు.

డాక్టరు ఆ మూడు చీటీలూ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, కవాటం ఉన్నవాళ్ళకి మాత్ర సరిగ్గా ఉన్నా ఇలా జరుగుతుందనీ, దీనివల్లనే పోయిందని ఎవరూ చెప్పలేరనీ అన్నాడు. ఆ ఇంటికి వెళ్ళి చెప్పడం వల్ల ఎవరికీ లాభం లేదన్నాడు. అతని గొంతులో నా మీద జాలి ఉంది, తన మీద భయమూ ఉంది. నేను తలూపాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది.

ప్రోగ్రాం సరిచేయడానికి పావుగంట పట్టింది. పట్టికలో ఆ గీతని చేర్చాను. NULL తీసేసి, ఎక్కడ ఆగావో చెప్పు అని రాశాను. చివరిదాకా చదవకపోతే చీటీ అచ్చే కాకూడదని రాశాను. పావుగంట! ఒక మనిషి ప్రాణానికి ఆ పాటి టైము నేను ముందే పెట్టలేకపోయాను.

ఖాలా వారంలో లేచి తిరిగింది. నేను ఆమెకి జరిగింది చెప్పాను, చెప్పకుండా ఆ మెట్లెక్కి దిగడం నా వల్ల కాలేదు. అంతా విని, తిడుతుందనుకుంటే తిట్టలేదు.

"నాకొక్కదానికేనా బేటీ?" అంది.

పదకొండు మందికి అన్నాను. ఆమె వేళ్ళు మడుస్తూ బెంచీ మీద ఉర్దూ చీటీ అడిగినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకుంది. ఒక వేలి దగ్గర ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. డాక్టరు చెప్పినవన్నీ అప్పజెప్పాను, ఎవరూ చెప్పలేరని, లాభం లేదని. ఖాలా వాటిలో ఒక్కదాన్నీ కాదనలేదు. లేచి చెప్పులు వేసుకుని, బురఖా తీసుకుని, నడువు అంది.

ఆ గల్లీలోకి ఆమె వెనకే నడిచాను. కొడతారేమో, పోలీసుల దగ్గరికి పోతారేమో, బస్తీ అంతా పోగై లొల్లి చేస్తుందేమో అని భయపడ్డాను. మా నాన్న ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. కూతురు అమ్మ సామాను సర్దుతోంది, గాజుల అచ్చులు, లక్క కడ్డీలు గోనెసంచిలో వేస్తోంది. గాజులకి వచ్చే ఆడవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆ అమ్మాయికి మంచి తెలుగు వచ్చు. నేను నిలబడే చెప్పాను. ప్రోగ్రాం నేను రాశానని చెప్పాను. మీ అమ్మకి ఉండాల్సిన దానికన్నా మొత్తం ఒక మాత్ర ఎక్కువ రాసిందని, దానివల్లే పోయిందో కాదో తెలియదని, కానీ ఆ తప్పు మాత్రం నాదని చెప్పాను.

ఆ అమ్మాయి చేతిలో లక్క కడ్డీ అలాగే ఉండిపోయింది. "చీటీ మీద రెండున్నర అనే ఉండెనా?" అని అడిగింది.

అవునన్నాను.

"ఇంతకుముందు ఒకటిన్నర ఏస్తుంటిమి. నేనే తప్పు చదివి ఎక్కువ ఇచ్చిన్నేమో అనుకున్న బాజీ. అమ్మ నన్నే నమ్మి మింగింది. ఎవరన్న చూస్తరని చీటీలన్నీ కుంపట్ల ఏసిన. మా ఆయనకు సుత చెప్పలే." కడ్డీ కింద పెట్టి, రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేలా. "మళ్ళొక్కసారి చెప్పు. నేను తప్పు చదువలేదా?"

"లేదు," అన్నాను. "నువ్వు సరిగ్గానే చదివావు."

ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. అలా ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు చెప్పానో నాకు గుర్తులేదు. ఖాలా గుమ్మం దగ్గరే కూర్చుని, ఆ అమ్మాయి నా చెయ్యి వదిలేదాకా ఎదురుచూసింది.